ఒకే వైపు చూసిన నెమళ్ళు

ఆ రోజుల్లో బందరులో నన్ను పలకరించేది మెస్సు నడిపే ఆవిడ ఒక్కతే. అదీ "ఇంకాస్త మజ్జిగ పొయ్యమంటారా?" అని. ముదినేపల్లి నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చి, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు నగల కార్ఖానాలో సూపర్‌వైజరుగా చేరాను. పనివాళ్ళు పదిమందీ పెద్ద చాప మీద గుండ్రంగా కూర్చుని, కబుర్లాడుతూ నగలు చేసేవాళ్ళు. నేను గడప దాటగానే నవ్వులు ఆగిపోయేవి. (మీసం సరిగ్గా రాకపోయినా నాకు భయపడేవాళ్ళున్నారని మొదట్లో గర్వపడ్డాను కూడా.) మధ్యాహ్నం వాళ్ళు కూరలు మార్చుకుని తింటుంటే, నేను మూల బల్ల దగ్గర గోడకేసి చూస్తూ క్యారియరు ఖాళీ చేసేవాణ్ణి.

ఒకసారి యజమానిగారు నన్ను బెజవాడలో ఉపన్యాసానికి పంపారు. జపాను వెళ్ళొచ్చిన ఇంజనీరొకాయన అక్కడి ఫ్యాక్టరీల్లో పనిని రోజుకింత ఎలా మెరుగుపరుస్తారో చెప్పాడు. (మా వైపు అప్పటికి జపాను అంటే జపాను పద్ధతి వరినాట్లే.) అక్కర్లేనివి తీసెయ్యాలి, ప్రతి వస్తువుకీ ఒక చోటుండాలి, పనిచేసేవాణ్ణే సలహా అడగాలి. అన్నీ రాసుకున్నాను. ఆ చివరిది మర్యాదకన్నాడనుకున్నాను. ఇవన్నీ చేసి చూపిస్తే వీళ్ళు మెచ్చుకుని నాతో నాలుగు మాటలాడతారని నా ఆశ.

ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళి చాప చుట్టేసి, అందరూ గోడవైపు చూసి కూర్చునేలా పీటలు వరసగా వేశాను. ప్రతి పనిముట్టు ఆకారమూ గోడమీద గీసి అక్కడే తగిలించాను. నెమలి దుద్దు నమూనా ఒకటి ఎదురుగా వేలాడదీశాను. "మాటలు తగ్గించండి, పని పెంచండి" అని బోర్డు కూడా రాశాను. మర్నాడు పనివాళ్ళలో పెద్దాయన, అందరూ కళ్ళజోడు మావయ్య అనే ఆయన, గదంతా ఓసారి చూసి "మీ ఇష్టమండీ" అన్నాడు. రెండు వారాలు ఆకురాళ్ళ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. నా చెప్పుల చప్పుడు నాకే ఇబ్బందిగా ఉండేది.

అంతలో గుడివాడ కొట్టాయన మేం పంపిన దుద్దుల పెట్టె పట్టుకుని దిగాడు.

"ఒంటి చెవి ఆడవాళ్ళు మీ బందర్లో ఉంటారేమో గానీ, మా ఊళ్ళో లేరండీ!"

నెమళ్ళన్నీ ఎడమవైపే చూస్తున్నాయి! ఇదివరకు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ఎడమ నెమలి, ఒకరు కుడి నెమలి చేసి జత చూసుకునేవాళ్ళు. ఇప్పుడందరూ నేను వేలాడదీసిన ఒంటి నెమలినే చూసి అచ్చం అలాగే చేసేశారు. శనివారంలోగా జతలు రాకపోతే ముదినేపల్లి బస్సెక్కమన్నారు యజమానిగారు.

"మీరు చూసుకోలేదా మావయ్యా?" అన్నాను.

"మొదటిరోజే చూశాం బాబూ. చెబుదామంటే మాట్లాడొద్దని బోర్డుందిగా."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, "ముందా చాప పరవండి" అన్నాడు.

చాప పరిచాక అందరూ మళ్ళీ గుండ్రంగా కూర్చున్నారు. నగలకు మెరుగుపెట్టే ఆవిడ, అందరికీ పెద్దక్క, కాస్త జరిగి, "అలా నిలబడతారేం? కూర్చోండి" అంది. నాకు కుడి ఎడమలు చూసి జతలు కట్టే పని ఇచ్చారు. నేను తప్పు కట్టినప్పుడల్లా పదిమందీ పకపకా నవ్వారు. ఈసారి నేను అక్కడుండగానే. శుక్రవారానికి సరుకు తయారు. (గోడమీద పనిముట్ల బొమ్మలు మాత్రం బాగున్నాయని ఉంచేశారు.) ఆ మధ్యాహ్నం పెద్దక్క నా క్యారియరు మూతలో గోంగూర పచ్చడి పెట్టి, "మీ వైపు కారం తింటారా?" అని అడిగింది. తలూపి, ఓ ముద్ద తిని, కళ్ళు తుడుచుకున్నాను. కారం వల్లే అనుకుంది ఆవిడ.

ఇప్పుడా కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. "అన్నం తిన్నారా?" అని ఎవరైనా ముందే అడిగుంటే, పాపం, జపాను దాకా వెళ్ళేవాడు కాదు.