గిలక్కాయ వేసిన తాళం

ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే ఆ మనిషిని అందరూ గిలక్కాయ అనేవారు. ఏ డబ్బా చేతికొచ్చినా చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపి, లోపల ఏముందో చెప్పేసేవాడు మరి. చెప్పుల జత, పింగాణీ కప్పు, గోడ గడియారం, ఏదీ అతని చెవిని దాటిపోయేది కాదు. ఒకసారి ఉంగరం వచ్చిన డబ్బా ఊపి, "ఇది మీ వేలికి బిగుతండీ, మార్పించుకోండి" అన్నాడట. నమ్మని వాళ్లు వెళ్లి ఆ వేలిని చూసి రావచ్చు, ఇప్పటికీ వాచే ఉంది.

కోతలు కోయడంలో అంతటివాడికి ఉద్యోగంలో మాత్రం ఒక పట్టుదల ఉండేది. సరుకు ఇవ్వలేకపోతే ఫోన్లో కారణం నొక్కాలి. ఎండ మండినా, మెట్లు ఎక్కువైనా తోటివాళ్లు "ఇంటికి తాళం" అని నొక్కేసి టీ తాగడానికి పోయేవారు. గిలక్కాయ పదకొండేళ్లలో ఒక్కసారీ అలా నొక్కలేదు. వరదొచ్చిన ఏడాది నెత్తిన పార్సిలు పెట్టుకుని వీధికి అడ్డంగా ఈదానని చెప్పుకునేవాడు. మోకాలి లోతు నీళ్లలో ఎలా ఈదాడని పాపం ఎవరూ అడగలేదు.

అతను తిరిగే వీధుల్లోనే అక్క ఇల్లు. అక్క దర్జీ. చిన్నప్పుడు అమ్మ పోతే తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. బావ పోయిన ఏడాది ఆమె నిద్ర కూడా ఆయన వెంటే పోయింది. ఆ తరువాత ఆమె పేరున చిన్న పొట్లాలు రావడం మొదలైంది. పంపినవారి పేరుండదు, ఊరుండదు. ఊపితే రేకు మీద తొలి చినుకులు పడ్డట్టు సన్నని చప్పుడు.

"మాత్రలు కదూ అక్కా?"

"గుండీలురా."

"గుండీల సంగతి నాకు తెలీదూ? అవి పొగరుగా మోగుతాయి. ఇవి గొణుగుతున్నాయి."

"నీ చెవి కొయ్య! నిద్రమాత్రలే. అయితే ఏంటంట?"

"డాక్టరు చీటీ ఏదీ?"

"ఫోన్లో అడిగారు, చీటీ ఉందా అని. 'ఉంది' అన్న గడి మీద వేలు పెట్టాను. అమ్మేవాళ్లే నమ్మారు, మోసుకొచ్చేవాడివి, నీకెందుకురా అనుమానం?"

మొదట్లో అక్క హాయిగా నిద్రపోయింది. తరువాత నిద్రే ఆమెను వదిలి వెళ్లనంది. మధ్యాహ్నం గిలక్కాయ వెళ్లేసరికి కిటికీ తెర నీళ్లలో వేసిన గుడ్డలా మెల్లగా ఊగుతుండేది. మిషను చక్రం దానంతటదే తిరుగుతున్నట్టుండేది. బల్ల మీంచి జారిన నీలం బట్ట నేలంతా ఏరై పారుతుంటే, అందులో కాళ్లు పెట్టుకుని ఒడ్డున కూర్చున్నట్టు కూర్చుని, "మెల్లగా రారా, చేపలు బెదురుతాయి" అనేది అక్క. అతను నిజంగానే మునివేళ్ల మీద నడిచేవాడు. ఒకసారి మడమకు చల్లగా తోక తగిలిందని ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

ఒకరోజు ఆమె బ్యాంకు గుమాస్తా చొక్కాకు మూడు చేతులు కుట్టింది.

"మూడోది ఎందుకక్కా?"

"ఏదో ఒక చెయ్యి సెలవు పెడితే పనికొస్తుందిలేరా."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఆమె సూది కింద వేలు పెట్టింది. గోరులోంచి సూది దిగినా ఆమె నవ్వు ఆగలేదు. గిలక్కాయ నవ్వు ఆగిపోయింది.

మర్నాడు అతని సంచిలో అక్క పొట్లం ఉంది. తలుపు బార్లా తెరిచే ఉంది, లోపల మిషను కూనిరాగం తీస్తోంది. గుమ్మం ముందు నిలబడి, పదకొండేళ్లలో మొదటిసారి "ఇంటికి తాళం" నొక్కాడు. పొట్లాన్ని జేబులో వేసుకున్నాడు. "రాక్షసుణ్ని జేబులో పెట్టుకు తిరుగుతున్నా" అని టీ బల్ల దగ్గర మీసం మెలేశాడు కూడా. అక్క దగ్గర పాత మాత్రలు నిండుకున్నాయని అతనికి తెలుసు. అదే మంచిదనుకున్నాడు.

మూడో రోజు పొద్దున వెళ్తే అక్క మిషను పక్కన నేల మీద ఉంది. ఒళ్లంతా చెమట, చేతులు గడగడ వణుకుతున్నాయి.

"నా గుండీలు రాలేదేంరా?" అంది. అంతలోనే ఒళ్లు కొయ్యలా బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది.

కాస్త కుదుటపడగానే ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని రెండు వీధుల అవతలి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆ పరుగు గురించి అతను ఎన్నడూ కోతలు కోయలేదు.

"మాత్రలు ఎవరు ఆపేశారు?" అంది డాక్టరమ్మ.

"నేనేనండీ. మంచికే అనుకున్నాను."

"అలవాటుపడ్డ ఒంటికి ఉన్నట్టుండి ఆపితే ఇలాగే ఫిట్స్ వస్తాయి. మెట్టు మెట్టుగా దింపాల్సిన మనిషిని మేడ మీంచి తోసేశావయ్యా." అతను జేబులోంచి తీసిచ్చిన పొట్లాన్ని ఆవిడ విప్పి చూసింది. "మాత్రల రేకు మీద మందు పేరైతే ఉంది. లోపలున్నది అదేనని నీకెవరు చెప్పారు?"

గిలక్కాయ అలవాటు కొద్దీ ఒక రేకును చెవి దగ్గర పెట్టి ఊపాడు. చప్పుడైతే వచ్చింది. ఏముందో మాత్రం తెలియలేదు. రేకును డాక్టరమ్మ బల్ల మీద పెట్టేశాడు.

అక్క గట్టెక్కింది. డాక్టరమ్మ రాసిచ్చిన మందును ఆసుపత్రిలోనే కొని, వారం వారం మోతాదు తగ్గిస్తూ, రోజుకింత అక్క చేతిలో పెట్టేవాడు గిలక్కాయ.

"ఇవాళ తలుపు తెరిచే ఉందా సారూ?" అని దెప్పేది అక్క.

"ఉంది తల్లీ, ఉంది" అని చెంపలేసుకునేవాడు.

నెలలు గడిచాక, మందు పూర్తిగా మానేసిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం నిజంగా గుండీల పార్సిలే వచ్చింది. పొగరుగా మోగింది. అతను వెళ్లేసరికి అక్క నీలం బట్ట మీద తల వాల్చి నిద్రపోతోంది, ఏ మాత్రా లేకుండా. ఫోన్ కారణం అడిగింది. అతను ఏదీ నొక్కలేదు. గుమాస్తా వద్దన్నాక తానే తొడుక్కుని తిరుగుతున్న మూడు చేతుల చొక్కా సర్దుకుని, ఆమె లేచేదాకా గుమ్మంలో కూర్చున్నాడు.

ఆ రోజు వీధిలో పార్సిళ్లన్నీ ఆలస్యమయ్యాయి. ఎందుకని అడిగినవాళ్లకు, దారిలో చేపలు అడ్డొచ్చాయని చెప్పాడు.