ఆపాకు సొంత ఇన్‌బాక్సు

మొన్న మా ఇంట్లో కొత్త టీవీ పెట్టగానే, చూసేది ఎవరని అడుగుతూ తెర మీద ఇంటిల్లిపాది పేర్లూ వరుసగా వచ్చాయి. వీటిని ప్రొఫైళ్లంటారని మనుమరాలు నాకు నేర్పబోతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ విద్యలో మా ఊరు దేవరకొండకు మొదటి పంతులమ్మను నేనేనని నాకు ఇప్పటికీ గర్వం.

తొంభైల చివర్లో మా అన్న తన ఎస్టీడీ బూత్‌లో కంప్యూటరు పెట్టి, టైపు నేర్చిన పాపానికి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. దుబాయి, బొంబాయి పోయినవాళ్లు ఇళ్లకు రాసే మెయిళ్లన్నీ మా దుకాణం అడ్రసుకే వచ్చి, ఒకే ఇన్‌బాక్సులో పడేవి. పోస్టుమాన్ ఉత్తరం చదివి వినిపించే అలవాటున్న ఊరు కనుక అన్న కూడా వాటిని ప్రింటు తీసి, అందరి ముందూ గొంతెత్తి చదివేవాడు, అదే మర్యాద అనుకునేవాడు.

మా వెనక వీధిలో బట్టలు కుట్టే ముస్లిం ఆమె ఉండేది, నాకంటే కొంచెం పెద్దది కనుక ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. పెళ్లయి ఏడాది తిరక్కుండానే ఆమె భర్త దుబాయి పోయాడు. ఒకరోజు ఆయన మెయిలు చదువుతూ చదువుతూ, ఆమె నవ్వితే బుగ్గన పడే సొట్ట కలలోకి వస్తోందన్న మాటను కూడా అన్న అదే ఊపులో చదివేశాడు. బూత్ అంతా ఘొల్లున నవ్వింది. ఆపా దుపట్టా ముఖం మీదికి లాక్కొని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నేను ఇంటికి వెళ్లి పిలిస్తే, "గా మాటలు నాకు రాసిండు చెల్లె, బజారుకు కాదు. ఇగ రాయొద్దని చెప్పు" అంది. అక్కడ ఆయనేమో, కోపమొచ్చిందా, ఒంట్లో బాగాలేదా అంటూ మెయిలు మీద మెయిలు. ఆ కొత్త కాపురం మా దుకాణం మూలంగా చెడిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అందరి ముందూ చదవొద్దని అన్నతో అంటే, "అందరు మనోళ్లే గద, ఫికర్ ఎందుకు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికో అడ్రసు తీసి, ఎవరి మెయిళ్లు వాళ్లే పాస్‌వర్డు కొట్టి చూసుకునేలా మెయిలు ప్రోగ్రాములో ఇంటికో ప్రొఫైలు చేయడం మొదలుపెట్టాను. ఎన్ని చేసినా, తెరవగానే దుకాణం ప్రొఫైలే వచ్చి కూర్చునేది. అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. కంట్రోల్ ప్యానెల్లో వెతగ్గా వెతగ్గా, తెరిచిన ప్రతిసారీ ఏ ప్రొఫైలు కావాలో అడగమని చెప్పే చిన్న గుండ్రటి గడి దొరికింది. దాన్ని నొక్కి తెరిస్తే పేర్లన్నీ వచ్చి నిలబడ్డాయి! నేనొక్కదాన్నే లేచి చప్పట్లు కొట్టుకున్నాను.

దుబాయికి కొత్త అడ్రసు పంపి, జవాబు రాగానే ఆపాను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. ఆమె పాస్‌వర్డు కొట్టేటప్పుడు బూత్‌లో ఉన్నవాళ్లందరినీ సడక్ వైపు తిరిగి నిలబడమన్నాను. అన్న గొణిగాడు గానీ తిరిగాడు. ఆపా తెర మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంది, మధ్యలో నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఏం రాసిండని ఒకామె ఆగలేక అడిగితే, "మా ఇద్దరి ముచ్చట" అంది. ఆ రోజు జిల్లా మొత్తంలో నా అంత గెలిచిన మనిషి ఉండి ఉండదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, మా ఇంటికీ ఒకటి పెట్టమని అడిగారు, అన్నతో సహా.

ఇప్పుడు అందరి ఫోన్లకూ తాళాలున్నాయి, నా ఫోనుకూ ఉంది. తీస్తే బ్యాంకు వాళ్లు, మందుల షాపు వాళ్లు పంపిన మెసేజీలు. నా ఒక్కదానికే రాసిన మాట, ఎవరూ చూడకుండా చదువుకోవాలనిపించే మాట, అందులోకి వచ్చి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు.