చూడంది రాయకు బిడ్డా

మా కాక పోయారని మొన్న మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. ఆయన కూతురు ఫోన్ చేసి, పొద్దున గుండె ఆగిపోయిందని, నాకు తప్పకుండా చెప్పమని వాళ్లమ్మ అన్నదని చెప్పింది. ప్లేటు అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. నేను ఎమ్మెస్సీ చదివిన కాలేజీలో ల్యాబ్ అటెండరు. అడవి జంతువుల ఒంటి మీది పిడుదులు, రోగాలు మోసే దోమలు మా ప్రాజెక్టు. గుంటూరు నుంచి వచ్చిన నాకు పిడుదును చూస్తేనే ఒళ్లు జలదరించేది. ఏడో తరగతితో చదువు ఆపేసిన ఆయనే నా చేత పట్టకారు పట్టించారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పిడుదు తల తెగి చర్మంలో ఉండిపోకుండా నిదానంగా లాగేవారు. దోమపిల్లలున్న నీళ్లు చూపిస్తే, "ఇది నీళ్ల మీద పండుకునేది, మలేరియాది. గది తలకిందులు ఏలాడేది" అనేవారు. మా ప్రాజెక్టు చూసే మేడం మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది.

పుప్పాలగూడలో ఇళ్లు కట్టే కూలీల రేకుల షెడ్ల దగ్గర దోమలు గుడ్లు పెట్టడానికి నల్లడబ్బాల్లో నీళ్లు పోసి ఉంచాం. వారం వారం చూసి లెక్క రాయాలి. దోమపిల్లలు కనబడ్డ చోటికి మునిసిపాలిటీ వాళ్లు వచ్చి మందు కొట్టేవారు. ఒక వానల వారం నేను హాస్టల్ దాటలేదు. పుస్తకంలో వరసగా సున్నాలు రాసేశాను.

మర్నాడు కాక ఒక డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆయన ఇల్లు ఆ షెడ్ల పక్కనే. నీళ్ల నిండా దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి.

"నువ్వు ఈడ సున్న రాసినవ్. గాడ ఇద్దరు ఆడోళ్లు జరంతోటి పండుకున్నరు" అన్నారు. గొంతు పెంచలేదు. మేడంకి చెబుతారా అని అడిగాను.

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. చూడంది రాయకు బిడ్డా. పోలేదంటే ఖాళీగ ఇడిచిపెట్టు, తప్పేంగాదు."

చెప్పాను. మేడం ఆ సీజన్ లెక్కంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టమన్నారు. నా డిగ్రీ ఆర్నెల్లు ఆగింది. ఆ సాయంత్రమే కాకతో కలిసి షెడ్లకి వెళ్లి నీళ్లు నిలవున్న డ్రమ్ములు పారబోయించాం, జ్వరంతో ఉన్న ఇద్దరినీ దవాఖానాకి పంపించాం. ఒకామె వారంలో తేరుకుంది. రెండో ఆమె లేచి నడవడానికి నెల పట్టింది. నా సున్నా వల్లే జ్వరం వచ్చిందని చెప్పలేను. కాదని చెప్పే ధైర్యమూ నాకు ఈనాటికీ లేదు.

ఇప్పుడు ఆసుపత్రుల రోగాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. లెక్క తెలియని గడిని ఖాళీగానే వదులుతాను. ఎందుకని జూనియర్లు అడిగితే మా కాక చెప్పారంటాను. రిటైరయ్యాక ఆయన అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆదివారం వస్తవా బిడ్డా, జర సూసి పోదువు" అనేవారు. మా ఆఫీసు నుంచి పుప్పాలగూడ అరగంట దూరం. రెండేళ్లలో ఒక్క ఆదివారం దొరకలేదు నాకు. ఆయన పోయాక వెళితే వాళ్లావిడ ఆయన కూర్చునే మెట్టు చూపించింది. కాసేపు ఆ పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అడగాలనిపించింది, అడగడానికి ఆయన లేరు.

కళ్లు మూసుకుంటే ఒక పొద్దుట గుర్తొస్తుంది. పిడుదులు ఏరిన ముంగిసను క్యాంపస్ వెనక బండరాళ్ల దగ్గర వదలడానికి వెళ్లాం. బోను తలుపు తీసినా అది మూలకి ఒదిగి కదల్లేదు. నేను వంగి చూస్తుంటే కాక నా భుజం తట్టి, "మనం సూస్తుంటే పోదు, అటు తిరుగు" అన్నారు. ఇద్దరం వీపులు తిప్పి ఎండలో నిలబడ్డాం. చాలాసేపటికి వెనక ఎండుగడ్డిలో సన్నగా సరసరమన్న చప్పుడు వినిపించింది. నేను తిరగబోయాను. ఆయన తిరగలేదు. ఆ చప్పుడు దూరమై, ఇక వినబడకుండా పోయేదాకా తల కొంచెం పక్కకి వంచి వింటూ నిలబడ్డారు.