రాత్రి ఏటి తిన్నావు?

సిస్టరమ్మ పోయిందన్న కబురు సోమవారం పొద్దున్న, మా మానసిక వైద్య ఓపీ గది తాళం తీస్తుంటే వచ్చింది. గుండెపోటట. ఫోను పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. డాక్టరుగారొచ్చే గురువారం ఓపీలో ఆ ప్రశ్నలు ఇక నేనొక్కదాన్నే అడగాలి. ఆమె చనిపోతే నేను నా గురించి భయపడ్డాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

ఆ ప్రశ్నలంటే జబ్బు గురించినవి కావు. డాక్టరుగారి దగ్గరికి పంపేముందు రోగిని అడిగి కాగితం మీద టిక్కులు పెట్టాలి. ఇంట్లో తిండికి ఇబ్బంది ఉందా, ఉండటానికి చోటుందా, ఇక్కడిదాకా రావడానికి దారుందా, ఎవరైనా కొడుతున్నారా. విజయనగరంలో చదువుకుని కౌన్సిలర్‌గా చేరిన కొత్తలో వీటిని గడగడా చదివేసేదాన్ని. 'కొడుతున్నారా' దగ్గర మాత్రం కాగితంలోంచి తల ఎత్తేదాన్ని కాదు. అవునంటే ఏం చెయ్యాలో నాకేం తెలుసు? లేదనాలని మనసులో దండం పెట్టుకుంటూ అడిగేదాన్ని.

సిస్టరమ్మ కాగితం చూసేది కాదు. రిటైరుకి దగ్గరపడ్డ నర్సు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే ఓపీలో పేర్లు పిలిచేది. తోడొచ్చిన అత్తనో మొగుణ్ణో మందుల వరసలో నిలబడమని పంపేసి, కుర్చీ చరచరా ఈడ్చుకుని రోగి పక్కన చేరేది.

"ఎదురుగా కూకుంటే కోర్టులాగుంటాదే. పక్కన కూకుంటే బస్సులాగుంటాది. బస్సులో ఎవులైనా సెప్తారు" అనేది.

అని, బీపీ పట్టీ చుడుతూ అడిగేది, "రాత్రి ఏటి తిన్నావు?"

ఆ ప్రశ్న దేనికో నాకు ఒక వానాకాలం తెలిసింది. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఒకామె మా దగ్గరికి చాలాకాలంగా వచ్చేది. ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినబడే జబ్బు. మాత్రలతో తగ్గింది, ఆ నెల మళ్లీ మొదలైంది. తిండికి ఇబ్బందుందా అన్నాను. "నేదమ్మా" అంది. మాత్రలు చెప్పినట్టే వేసుకుంటున్నావా అన్నాను. "సెప్పినట్టే ఏసుకుంతన్నాను." టిక్కులు పెట్టేశాను. మందు సరిపోవడం లేదనుకుని డాక్టరుగారు మోతాదు పెంచి రాశారు.

ఆమె చీటీతో బయటికి వస్తుంటే సిస్టరమ్మ ఆపి పక్కన కూర్చోబెట్టుకుంది.

"రాత్రి ఏటి తిన్నావు?"

ఆమె తల దించుకుంది.

"మరి మాత్ర?"

"అన్నం తిన్నాకే ఏసుకోమన్నారు గదమ్మా. వానలకి మడుల్లో పని నేదు. అన్నం తిన్న రాత్రి ఏసుకున్నాను. అన్నం నేని రాత్రి ఏసుకోనేదు."

తిండి లేదని చెప్పడానికి ఆమె సిగ్గుపడింది గానీ, మాత్రలు నిజంగా చెప్పినట్టే వేసుకుంది. తొందరపడి టిక్కు పెట్టింది నేను. సిస్టరమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. చీటీ పట్టుకుని లోపలికెళ్లి పాత మోతాదే రాయించింది. తర్వాత ఆ ఊరి ఆశా కార్యకర్తకి ఫోను చేసి, ఆగిపోయిన రేషను బియ్యం మళ్లీ అందేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం, ఈ పని నావల్ల కాదు, భయంగా ఉంది అన్నాను.

"నాకేటి బయం నేదనుకున్నావా?" అంది టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "పెతి గురువారం బయమే. బయం పోయిన్నాడు నాను ఈ కుర్సీలో కూకోకూడదు."

మంగళవారం సమాధి దగ్గర అందరూ పాట పాడుతుంటే నేను గురువారం గురించే ఆలోచించాను. ఇంకెవరి చీటీ మీద ఏ తప్పు పెడతానో, దాన్ని పట్టుకునేవాళ్లు లేరు కదా అని. బుధవారం అన్నం సహించలేదు.

గురువారం వాన. వరసలో ఉప్పు మడుల ఆమె ఉంది. కంగారులో నేను ఎదురుగానే కూర్చుండిపోయాను.

"రాత్రి ఏం తిన్నావు?"

"గంజన్నం తిన్నానమ్మా. మాత్రేసుకున్నాను." ఖాళీ అయిన మాత్రల అట్ట తీసి చూపించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం లేవలేదు. నన్నే చూస్తోంది.

"సిస్టరమ్మ కబురు ఇన్నాను. నువ్వు రాత్రి ఏటి తిన్నావు?"

"తిన్నాను" అన్నాను.

ఆమె నమ్మలేదు. లేచి, కుర్చీ చరచరా ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.