నాచుల ఫోన్ల తట్ట

జాంబియా కొసనున్న కసేంగా సరిహద్దులో లారీల వరస ఉన్నంతకాలం నాచులకి తిండికి లోటు లేదు. రాగిపలకలు ఎక్కించుకుని సముద్రపు రేవుకి పోయే లారీలు టాంజానియా గేటు ముందు రోజుల తరబడి నిలబడేవి. డ్రైవర్లు లాడ్జీల్లో పడుకుంటే, వరస కదిలినప్పుడల్లా వాళ్ల బండ్లను ముందుకు జరపడం ఆమె పని. ఆ పని నేర్పింది టాంజానియా డ్రైవర్ ముసలి మ్వాక్యూసా. జాంబియాలో తిరిగే ప్రతి రకం లారీనీ ఆమె నడిపింది. ఒక్కదాన్నీ మొదటి గేరు దాటించలేదు.

అలాంటి వరసని కంప్యూటర్ మింగేసింది. లారీ నంబరు ఇంటర్నెట్‌లో ఎక్కించుకుంటే చాలునట. వంతు రాగానే డ్రైవర్ ఫోనుకి మెసేజ్ వస్తుందట. అరగంటలో గేటు దగ్గర లేకపోతే మాత్రం వంతు పోతుంది, నంబరు మళ్లీ ఎక్కించుకోవాలి. ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి డైరెక్టర్ సిలుంగ్వే వచ్చి, ఖాళీ రోడ్డు మధ్య నిలబడి ఫొటో దిగి, సముద్రం లేని దేశానికి ఇవాళ్టితో సముద్రం దగ్గరైందని ఉపన్యాసమిచ్చాడు. లారీలన్నిటినీ ముందురోజే పోలీసులు గుట్ట వెనక పల్లంలోకి తోలేశారు. ఫొటోలో గుట్ట పడింది, వెనకున్నవి పడలేదు.

ఆ పల్లంలో సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కితే, దిగేలోపు బండిలో డీజిల్ మాయం. మొదటి వారమే సగంమంది వంతులు పోగొట్టుకున్నారు. పని పోయి కూర్చున్న నాచుల ఇంట్లోంచి వెదురు తట్ట పట్టుకొచ్చింది.

"ఫోన్లు ఇందులో పడెయ్యండి. గుట్ట మీద నేను కూర్చుంటా. మెసేజ్ వస్తే కేకేస్తా. మీరు బండి కాచుకోండి."

వ్యాపారం అందుకుంది. తట్టకి తోడు గొడుగొచ్చింది, గొడుగు కింద కుర్చీ వచ్చింది. కొంచెం ఎక్కువిచ్చినవాళ్ల ఫోన్లు ఒళ్లోకి చేరాయి, మిగతావి తట్టలోనే ఉండిపోయాయి. ఎవరైనా గొణిగితే, "సిస్టమ్ అలా ఉంది, నన్నేం చెయ్యమంటావ్?" అనడం కూడా నేర్చుకుంది.

కొన్నాళ్లకి సిలుంగ్వే మళ్లీ వచ్చాడు. గుట్టెక్కి, తట్ట చూసి, ముచ్చటపడి ఆమెతో ఫొటో దిగాడు.

"ఇక్కడ టవర్ వేయిస్తే ఎలా ఉంటుందమ్మా?"

"వద్దు సార్. మా పెద్దల సమాధులున్న చోటు. కోప్పడతారు."

ఆమె పెద్దలని పాతిపెట్టింది రెండు ఊళ్లవతల. టవర్‌కి పైసా లేని సిలుంగ్వేకి ప్రాణం లేచొచ్చింది. స్థానిక విశ్వాసాలను గౌరవించామని నివేదికలో రాసుకున్నాడు.

ఆ శనివారం ఒకేసారి చాలా ఫోన్లు మోగాయి. నాచుల ముందు ఒళ్లోవి చూసి కేకలేసింది. తట్టలోవి తిరగేసి అడుగునున్న మ్వాక్యూసా ఫోను తీసేసరికి అతని వంతు దాటిపోయింది. కేక రాలేదేమని అతను అప్పటికే గుట్టెక్కొచ్చాడు.

"బాబాయ్, ఆ సిస్టమ్..."

"సిస్టమ్ మాటెందుకే? నా ఫోను అడుగునెందుకుంది? నీ ఒళ్లో ఎవరివున్నాయి?"

నాచుల నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డని ఒళ్లోని ఫోన్ల మీదికి లాక్కుంది.

"రేపు మా మనవరాలి బాప్టిజం. గేటు దాటితే ఒక్కపూట ప్రయాణం. చెప్పాను కదే నీకు."

"చెప్పావు."

"గేటు ఆఫీసులోవాళ్లు టై కట్టుకుని చేసే పనే నువ్వు చితెంగె చుట్టుకుని చేస్తున్నావు. అంతే తేడా."

ఇంటికెళ్లి, ముసలాడికి నోటిదురుసెక్కువని చెల్లెలి దగ్గర తిట్టింది. తన మొక్కజొన్న షీమా ముద్ద మాత్రం చెల్లెలి పళ్లెంలోకి తోసేసింది. మర్నాడు అతని ఫోను నడుముకున్న చితెంగెలో ముడేసుకుంది. ఆ రోజు ఎవరి దగ్గరా అదనం తీసుకోలేదు. ఆ ఒక్కరోజే. సోమవారం వంతు వస్తే, కేకెయ్యకుండా గుట్ట దిగి పరిగెత్తి చెప్పింది. అతను ఫోను తీసుకుని, కూలి ఆమె చేతిలో పెట్టాడు.

"వద్దు బాబాయ్."

"ఉంచుకో. ఆఫీసుకి బాకీ పడకూడదు."

తర్వాతి ట్రిప్పులో మ్వాక్యూసా తన ఫోను తానే పట్టుకుని, ఆయాసపడుతూ గుట్టెక్కాడు. ఆమె కుర్చీకి కాస్త ఎడంగా రాయి మీద కూర్చున్నాడు. నాచుల గొడుగు అటు జరపబోయింది. అతను చూడలేదు.

"కింద డీజిల్ తీసేస్తారు బాబాయ్."

"తీసుకోనీ" అన్నాడు మ్వాక్యూసా, ఫోను మీంచి కళ్లెత్తకుండా.