తాత దాచిన రహస్యం

అప్పట్లో మేము ఉప్పుగూడలో ఉండేవాళ్లం. నేను టైపు నేర్చుకుంటున్న రోజులవి. మా తాతకు వినికిడి యంత్రం ఉండేది. జేబులో పట్టే చిన్న డబ్బా, దాని నుంచి చెవికి ఒక వైరు. రేడియో మెకానిక్ చేత ఆ వైరును పొడుగు చేయించుకున్నారు. డబ్బాను గదిలో రేడియో పక్కన పెట్టి, వైరును కిటికీలోంచి లాక్కుని, అరుగు మీద కూర్చుని వార్తలు వినేవారు.

ఒక సాయంత్రం రేడియో ఆపి ఉంది. తాత కునుకు తీస్తున్నారనుకుని, డబ్బా పక్కనే కూర్చుని డైరీ రాశాను. రాసింది మెల్లగా పైకి చదువుకోవడం నా అలవాటు.

"ఈరోజు కూడా టైపు క్లాసు ఎగ్గొట్టి లైబ్రరీలో నవల చదివాను. అమ్మకు తెలిస్తే ఇక గడప దాటనివ్వదు."

తలెత్తితే కిటికీలో తాత నవ్వు ముఖం! కంగారులో డబ్బా స్విచ్ ఆపేశాను. అదే నేను చేసిన తప్పు. తన గొంతు తనకే వినిపించని తాత, తాను గుసగుసలాడుతున్నాననుకుని గట్టిగా అరిచారు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా! క్లాసు ఎగ్గొట్టి నవలలు చదువుతున్నవని మీ అమ్మకు చెప్పనే చెప్ప!"

మేము ఖాలా అని పిలిచే ఎదురింటి పిన్ని తొంగిచూసి, ఏ నవలో ఆరా తీసింది. "కౌన్సా నావెల్, బేటీ?"

వంటింట్లోంచి అమ్మ గరిటెతో వచ్చింది. "ఏందే, గట్లనా నీ చదువు?"

నేను చాప కిందికి దూరిపోదామా అన్నంత సిగ్గుపడ్డాను.

మర్నాటి నుంచి అమ్మ తాతను టైపు క్లాసుకు నాకు కాపలా పంపేది. నేను లోపల టైపు కొడుతుంటే, ఆయన లైబ్రరీకి పోయి నేను సగంలో వదిలిన నవల పూర్తి చేసి వచ్చేవారు. గుట్టు పోతే పోయింది కానీ, నవలల గురించి మాట్లాడుకోవడానికి ఇంట్లో నాకొక మనిషి దొరికాడు.