రెండు పెన్‌డ్రైవుల దేవపాలు

ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, పార్టీకొక పెన్‌డ్రైవు పెట్టుకుని తిరిగినవాడు దేవపాలు ఒక్కడే. ముత్తాత మిషన్ దొర చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నాడు. తాత మిషన్ బడిలో పంతులు. తండ్రి అదే బడిలో గంట కొట్టే బంట్రోతు. వంశం ఇలా మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంటే, దేవపాలు కంప్యూటర్ల దగ్గర కాలు ఆనించి నిలబడ్డాడు.

అతని విద్య అంతా బొటనవేలంత పెన్‌డ్రైవులో ఉండేది. తనంతట తాను లేవలేని కంప్యూటరుకు దాన్ని గుచ్చి లేపితే, అది సొంత బుద్ధిని పక్కనబెట్టి పెన్‌డ్రైవు బుద్ధితో నడుస్తుంది. ఇంటాయన తలవాకిట్లో అడ్డంగా పడిపోయి ఉంటే, పెరటి వాకిలి గుండా పోయి లోపలి సామాను భద్రంగా తెచ్చినట్టు. డిస్కును పరీక్షించేది, పాస్‌వర్డు మరిచినవారిని ఆదుకునేది, వైరసును వేటాడేది, ఫైళ్ళు వెలికితీసేది అన్నీ అందులో కూర్చి పెట్టాడు. కూర్చేముందు, ఇందులో ఇదివరకున్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సరేనన్నాడు. చెరిగిపోయినవి భార్య కమలమ్మ రికార్డు చేసిపెట్టుకున్న క్రిస్మస్ పాటలు. తొమ్మిది రోజులపాటు ఆమె అతనికి అన్నం వడ్డించింది గానీ, చాలా, ఇంకా కావాలా అని అడగలేదు.

రెండో పెన్‌డ్రైవు అవసరం పులివెందులలో పడింది. అక్కడొక చీనీకాయల, అంటే బత్తాయిల, మండీలో కంప్యూటరును లేపగానే తెర నిండా పెన్‌డ్రైవులోని రంగు పరుచుకుంది. అది మండీ యజమానికి గిట్టని పార్టీ రంగు. ఆ రంగుల పేర్లు ఇక్కడ రాయడం అనవసరం. ఈ జిల్లాలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు, పుట్టనివారికి చెప్పినా నమ్మరు. యజమాని కోప్పడలేదు. రంగు మార్చుకుని రమ్మని మర్యాదగా ప్రొద్దుటూరు బస్సు ఎక్కించాడు.

రాష్ట్రం నిలుస్తుందా చీలుతుందా అని జనం వాదించుకుంటున్న కాలం అది. ఊళ్ళు మాత్రం ఎప్పుడో చీలిపోయి ఉన్నాయి. ఒక ఊరికి రెండు టీ అంగళ్ళు, ఇద్దరు మంగళ్ళు ఉన్నచోట ఒకే పెన్‌డ్రైవు ఉండడం తనదే అపచారమని దేవపాలు గ్రహించాడు. లోపల సరుకు ఒకటే, తెర మీద రంగు వేరు. ఎడమ జేబులో ఒక పార్టీది, కుడి జేబులో ఇంకొక పార్టీది. చొక్కాలన్నీ రెండు జేబులతో కుట్టించుకున్నాడు. ఆదివారం గుడికి వేసుకునే తెల్ల చొక్కా ఒక్కటే మినహాయింపు. దేవుడి దగ్గర పార్టీలేమిటని దానికి ఒకటే జేబు పెట్టించాడు.

ఆ ఒక్క జేబే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో జయరామయ్య ఒక వర్గానికి పెద్ద. అతని కొడుకు చెన్నకేశవులు ఏడాది కిందట మైలవరం దారిలో మోటారు సైకిలు మీద నుంచి పడి చనిపోయాడు. ఆ ఇంట్లో మూడు తరాల మగవాళ్ళలో ప్రమాదంలో పోయినవాడు అతనే మొదటివాడు కావడంతో, ఇది నిజంగా ప్రమాదమేనని నమ్మడానికి బంధువులకు ఆరు నెలలు పట్టింది. సంవత్సరీకం వారం రోజుల్లోకి వచ్చింది. గోడకు తగిలించడానికి పటం లేదు. ఉన్నది ఓటరు కార్డు ఫోటో ఒక్కటే. అందులో ఎవరి కొడుకైనా దొంగలాగే ఉంటాడు. ఫోను ఆ రోజే నుజ్జయింది. మిగిలింది చెన్నకేశవుల కంప్యూటరు, అది లేవడం లేదు. ఒక్క మంచి ఫోటో కావాలని తల్లి నాగరత్నమ్మ పట్టుబట్టింది.

ఆ ఆదివారం జయరామయ్య జీపు వచ్చి ప్రార్థన మధ్యలో దేవపాలును ఎక్కించుకుని పోయింది. గేటు దగ్గర అతని స్క్రూడ్రైవరును ఇనుప వస్తువు కింద జమకట్టి తీసి పెట్టుకున్నారు. పెన్‌డ్రైవులను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. రెండూ తెల్ల చొక్కాకున్న ఒకే జేబులో ఉన్నాయి. దేవపాలు చేతికందిన దాన్ని గుచ్చి, మీట నొక్కాడు.

చచ్చిందనుకున్న కంప్యూటరు లేచింది. దానితోబాటు జయరామయ్య ముప్పై ఏళ్ళుగా తన గడప దాటనివ్వని రంగు కొడుకు గదిలో తెర నిండా వెలిగింది.

గదిలో ఆరుగురు మగవాళ్ళు, నాగరత్నమ్మ. ఒకడు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏంది దేవపాలూ ఇది?" అన్నాడు జయరామయ్య.

"ఇది మీ కంప్యూటర్లోది కాదు పెద్దాయనా. నా పెన్‌డ్రైవులోది. పీకితే పోతాది."

"అంటే దీన్ని జేబులో పెట్టుకోని తిరుగుతాండావు."

దేవపాలు నిజం చెప్పడంలో ఉన్న నష్టాలను గురించి ఆలోచిస్తూ, రెండో పెన్‌డ్రైవును కూడా తీసి చూపించాడు. రెండోది చూశాక వాళ్ళ దిగ్భ్రాంతి రెట్టింపయింది. ఒకే జేబులో రెండు పార్టీలను పెట్టుకున్న మనిషిని వాళ్ళు ఎన్నికలప్పుడు కూడా చూసి ఎరుగరు.

నాగరత్నమ్మ మాత్రం తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"రంగు సంగతి మీరూ మీరూ తర్వాత చూసుకోండి. నా కొడుకు యాడుండాడో చూడు నాయనా."

దేవపాలు వెదికాడు. డిస్కులో రెండు వందల ఫోటోలకు పైగా చెక్కు చెదరకుండా ఉన్నాయి. ట్రాక్టర్లు, కుక్కలు, మేనత్తలు, గండికోట కొండ. ఫోటోలు తీసేవాడు ఫోటోల్లో ఉండడన్న సంగతి ఒక్కొక్కటే దాటిపోతుంటే అందరికీ తెలిసివచ్చింది. నాగరత్నమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

చిట్టచివరిది తెరుచుకుంది. శ్రావణ శనివారం నాడు గండి ఆంజనేయస్వామి గుడి ముందర తీసింది. చెన్నకేశవులు తల వెనక్కి వాల్చి పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వుతున్నాడు. అలా నవ్వగలడని ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్కన అతని భుజం చుట్టూ చెయ్యి వేసి నవ్వుతున్నవాడు ఓబుళపతి, ఎదుటి వర్గం నాయకుడి తమ్ముడు.

ఓబుళపతి ఆ చేతికి చిటికెన వేలు లేదు. ఈ ఇంటి మీద వెయ్యడానికని నాటుబాంబు చుడుతున్నప్పుడు పోయింది. బాంబు ఇంతదూరం రాకుండా ఆ వేలితోనే సరిపెట్టుకుంది. రెండిళ్ళకూ మాటలు లేక పద్దెనిమిదేళ్ళు. ఫోటో తీసిన తేదీ చావుకు పదకొండు రోజుల ముందుది.

ఇందాకటి రంగు ఎవరికీ గుర్తు లేదు. జయరామయ్య మంచం మీద కూలబడ్డాడు. తెర మీది ఓబుళపతి వైపు వేలు చూపించాడు.

"వాణ్ణి కత్తిరించు."

దేవపాలు కత్తిరించాడు. ఓబుళపతి ముఖం పోయింది, మొండెం పోయింది. కొడుకు భుజం మీద చెయ్యి మాత్రం మిగిలిపోయింది, నాలుగు వేళ్ళతో, యజమాని లేకుండా. ఇది మునుపటికంటే ఘోరంగా కనబడింది. దాన్ని కూడా చెరిపెయ్యవచ్చని దేవపాలు నసిగాడు.

"ఈ ఇంట్లో చేతులు నరికింది చాలదా? ఉండనీ," అంది నాగరత్నమ్మ.

ఆ మాటకు ఆరుగురు మగవాళ్ళూ నేల చూశారు. ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చి ముప్పై రెండేళ్ళు. నరుకుడు గురించి మగవాళ్ళ ముందర మాట్లాడడం అదే మొదలు.

గేటు దగ్గర దేవపాలుకు స్క్రూడ్రైవరు తిరిగి ఇచ్చారు. ఇంటికి చేరగానే తెల్ల చొక్కాకు రెండో జేబు కుట్టమని కమలమ్మను అడిగాడు. దేవుడేమనుకుంటాడని ఆమె అడిగింది. జయరామయ్య ఏమనుకుంటాడో తెలిసిన తర్వాత దేవుడు నయమన్నాడు.

సంవత్సరీకం నాటికి పటం గోడకెక్కింది. చూడవచ్చినవారు నవ్వును చూసి, చేతిని చూసి, వేళ్ళు లెక్కబెట్టుకుని, పెట్టింది తిని గమ్మున వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి జయరామయ్య పొద్దున లేవగానే ఆ నాలుగు వేళ్ళు కనబడకుండా పూలదండను పక్కకు జరుపుతాడు. స్నానం చేసి వచ్చేలోగా నాగరత్నమ్మ దాన్ని యథాస్థానానికి జరుపుతుంది. ఈ విషయమై ఇద్దరి మధ్యా ఇంతవరకూ ఒక్క మాట కూడా జరగలేదు.